ఆల్వేస్‌కీ నెవర్‌కీ మధ్య

ఒక పని ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే ఇంగ్లిష్ మాటలు ఆల్వేస్ దగ్గర మొదలై నెవర్ దగ్గర ముగుస్తాయి. ఆల్వేస్ అంటే ఒక్కసారి కూడా తప్పదు. యూజువల్లీ అంటే మామూలుగా అంతే, ఎప్పుడైనా తప్పవచ్చు. ఆ తర్వాత ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ వరుసగా తగ్గుతూ వస్తాయి. విశాఖపట్నంలో ఈ తేడాలు పరీక్ష పేపరుతో ఆగిపోవు. 1933లో మొదలైన పోర్టుకు నానా దేశాల ఓడలు వస్తాయి. ఓడను లోపలికి తెచ్చే పైలట్‌కీ, దాని కెప్టెన్‌కీ ఉమ్మడి భాష ఇంగ్లిషే. స్టీల్ ప్లాంట్‌లో పలు రాష్ట్రాలవాళ్లు కలిసి పనిచేస్తారు కాబట్టి అక్కడా దాని అవసరం ఉంటుంది.

మాట ఎంపిక వాస్తవాన్ని బట్టి ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. కోస్తాకు అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్ల భయం ఎక్కువ. అయినా ‘సైక్లోన్స్ ఆల్వేస్ కమ్ ఇన్ అక్టోబర్’ అంటే తప్పు; 2010లో లైలా తుఫాను మే నెలలోనే బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడ ఆఫెన్ సరిపోతుంది. స్టీల్ ప్లాంట్‌లోని కోక్ ఓవెన్ల సంగతి వేరు. వాటి లోపలి సిలికా ఇటుకలు చల్లారితే పగుళ్లిస్తాయి కనుక, ఒకసారి వేడెక్కించిన ఓవెన్ల వరుసను ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. అందుకే ‘ది ఓవెన్స్ ఆర్ ఆల్వేస్ హాట్’ అనవచ్చు.

ఆ వాక్యంలో ఆల్వేస్ ‘ఆర్’ తర్వాత వచ్చింది. ఈజ్, ఆర్, వాజ్ వంటివే ప్రధాన క్రియలైతే ఈ మాటల చోటు వాటి తర్వాత. మిగతా క్రియలకు ముందు వస్తాయి: ‘ది పైలట్ యూజువల్లీ బోర్డ్స్ అవుట్‌సైడ్ ది హార్బర్’. సహాయక క్రియ ఉంటే దానికీ ప్రధాన క్రియకూ మధ్యన: ‘ది క్రేన్ హ్యాజ్ నెవర్ ఫెయిల్డ్’. సమ్‌టైమ్స్, యూజువల్లీ వాక్యం మొదట్లోనూ ఇముడుతాయి. మామూలు వాక్యాన్ని ఆల్వేస్‌తో మొదలుపెట్టరు. ఆజ్ఞ అయితే పెడతారు: ‘ఆల్వేస్ వేర్ యువర్ హెల్మెట్’. వేలాడే బరువు కింద నిలబడవద్దని చెప్పే హెచ్చరిక నెవర్‌తో మొదలయ్యేదీ అందుకే.

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది వ్యతిరేకార్థం దగ్గర. ‘ఎప్పుడూ వస్తాడు’, ‘ఎప్పుడూ రాడు’ అన్నప్పుడు తెలుగులో క్రియ మారుతుంది గాని ఎప్పుడూ మారదు. ఇంగ్లిష్‌లో కాదనడం నెవర్‌లోనే ఉంది. ‘హి నెవర్ కమ్స్ లేట్’ అంటే చాలు. ‘హి నెవర్ డజంట్ కమ్ లేట్’ అంటే రోజూ ఆలస్యంగా వస్తాడని అర్థం తిరగబడుతుంది. రేర్లీ, సెల్డమ్‌లకూ ‘నాట్’ అక్కర్లేదు.

రెండో తడబాటు కాలానిది. ‘చెక్ చేస్తున్నాం’ అన్న అలవాటులో ‘వి ఆర్ ఆల్వేస్ చెకింగ్ ది వాల్వ్’ అనేస్తారు. నిత్యం చేసే పనికి ‘వి ఆల్వేస్ చెక్’ సరైనది. ఆల్వేస్‌తో ఇంగ్ రూపం కలిస్తే తరచు విసుగు ధ్వనిస్తుంది. ‘ది కన్వేయర్ ఈజ్ ఆల్వేస్ స్టాపింగ్’ అని రాస్తే అది సమాచారం కన్నా ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

లెక్క తెలిసినచోట లెక్కే చెప్పాలి. విశాఖ తీరంలో సాధారణంగా రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. ‘ట్వైస్ ఎ డే’ అంటే సరి. ఇలాంటి పదబంధాలు, డైలీ, ఎవ్రీ షిఫ్ట్ వంటివి సాధారణంగా వాక్యం చివర వస్తాయి. లాగ్‌బుక్‌లో ‘ది పంప్ ఆఫెన్ ట్రిప్స్’ అని రాస్తే తర్వాతి షిఫ్టువాళ్లకు ఏమీ తెలియదు. ‘ది పంప్ ట్రిప్డ్ త్రీ టైమ్స్ ఇన్ దిస్ షిఫ్ట్’ అంటే ఏం చూడాలో తెలుస్తుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల సంభాషణ కోసం 2001లో ఆమోదించిన ప్రామాణిక పదబంధాలు కూడా మే, మైట్, కుడ్ వంటి రెండర్థాల మాటలను జాగ్రత్తగా వాడమంటాయి. యూజువల్లీ, ఆఫెన్ అనేవి లెక్క తెలియనప్పుడో, అవసరం లేనప్పుడో వాడే మాటలు.