పిడి మీది గీత: పనితనానికి కొలమానం

ఆయుధశిల్పాన్ని గూర్చిన కళావిమర్శ సాధారణంగా బంగారం వెంట నడుస్తుంది. ఖడ్గపు పిడిపై పొదిగిన లతలకూ పూవులకూ దక్కే ప్రశంస, చేతికి పట్టునిచ్చే గరుకుదనానికి దక్కదు. కంటికి ఇంపైనది కళగానూ, చేతికి అక్కరకు వచ్చేది కేవలం పనిగానూ విడివడిపోయాయి. ఈ విభజన ఎంతవరకు సమంజసమో తేల్చడానికి పిస్తోలు చట్రంపై ఆకురాయితో చేత్తో తీర్చే గళ్ళపని తగిన ఉదాహరణ.

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన పిస్తోలులో, పిడికి ఇరువైపులా అమర్చిన వాల్‌నట్ చెక్కలకు గళ్ళు ఉండేవి. వేళ్ళు చుట్టుకొనే ముందరి ఉక్కుపట్టీ మాత్రం నున్నగా ఉండేది. చెమటపట్టిన చేతిలో ఆ నునుపు జారుతుంది. ఒక్కొక్క తుపాకిని విడిగా తీర్చిదిద్దే అమెరికన్ పనివారి చేతిలో, ఆ పట్టీపై గళ్ళు తీర్చడం క్రమంగా ఒక విద్యగా ఎదిగింది.

పని చూడడానికి సరళం. సమాన దూరంలో పళ్ళ వరుసలున్న ఆకురాయితో మొదట నిలువు గీతలు తీస్తారు. తెగిన గాడిలో ఒక వరుసను ఆనించి నడిపితే, పక్క వరుస కొత్త గాడిని తెరుస్తుంది. పిమ్మట అడ్డగీతలు తీయగా, నడుమ మిగిలిన లోహం చిన్నచిన్న పిరమిడ్లుగా మొనదేలుతుంది. కష్టమంతా ఆ సరళతలోనే ఉంది. దుక్కిలో మొదటి చాలు వంకరపోతే తక్కినవన్నీ దానినే అనుసరించినట్లు, ఇక్కడ తొలి గీతలోని దోషం చివరి గీత దాకా ప్రాకుతుంది. పట్టీ గుండ్రంగా తిరిగి ఉంటుంది కనుక అడ్డగీత ఆ వంపు చుట్టూ లోతు మారకుండా సాగాలి. అంగుళానికి 20 గీతలు తీస్తే గీతకూ గీతకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు, 30 తీస్తే సుమారు 0.85. దూరం పెరిగిన కొద్దీ మొన తేలడానికి లోతు ఎక్కువ కావాలి. అయితే లోపల తూటాల పెట్టెకు చోటు విడవవలసి ఉన్నందున పట్టీ మందం పరిమితం. 20 గీతల పని చేతిని గట్టిగా పట్టుకుంటుంది, చర్మాన్ని గీరుతుంది కూడా. 30 గీతలది మృదువు. ఏది మేలన్నది కన్ను చెప్పలేదు, చెయ్యే చెప్పాలి.

ఈ గీతకు భారతీయ శిల్పంలో దగ్గరి బంధువు ఉంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయపూర్ కోఫ్త్‌గరీలో, పనివారు ఉక్కు ఉపరితలంపై సన్నని గీతలను ఒకదానికొకటి అడ్డంగా గీసి, ఆ గరుకుపై బంగారు తీగను పరచి, సుత్తితో అదిమి, మెరుగుపెడతారు. బంగారాన్ని పట్టి ఉంచేది ఆ గీతలే. ఇక్కడ గీత బంగారం కింద దాగి దానిని మోస్తుంది. పిస్తోలుపై కప్పేదేమీ లేక తానే ఉపరితలమై నిలుస్తుంది. దోషాన్ని దాచే లత అక్కడ లేదు.

బ్రిటిష్ రూపశిల్పి డేవిడ్ పై 1968లో వెలువరించిన గ్రంథంలో పనితనాన్ని రెండుగా విభజించాడు: ఫలితం ముందే నిశ్చయమైనది ఒకటి, చివరిదాకా చెడిపోయే ప్రమాదంలో ఉండేది మరొకటి. చేతి గళ్ళపని ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. పళ్ళ దూరం నిశ్చయం. గీత దిశ, లోతు, ముగింపు అనిశ్చితం. నేడు కంప్యూటరు నడిపే యంత్రాలు ఇవే గళ్ళను నిర్దుష్టంగా కోస్తున్నాయి. సమత ఒక్కటే గుణమైతే గెలుపు యంత్రానిదే. కనుక చేతిపనిని సమర్థించేవారు సమతను గాక విచక్షణను ఆధారం చేసుకోవాలి. అంచున ఎంత విడవాలి, మొనలను ఎంత మొద్దుచేయాలి, ఏ చేతికి ఏ గరుకు తగును అన్న నిర్ణయాలే ఆ విచక్షణ.

ప్రాణం తీసే సాధనంపై ఇంత శ్రద్ధ తగునా అన్న ప్రశ్న న్యాయమైనదే. అది స్వర్ణఖచితమైన ఖడ్గానికీ వర్తిస్తుంది. బంగారం ఆ ప్రశ్నను మరపిస్తుంది, గళ్ళు మరపించవు. వస్తువు దేనికోసమో దాచకపోవడం ఈ పనిలోని నిజాయితీ.

హస్తకళలను పోషించే సంస్థలు నమూనా అందాన్నీ బంగారపు తూకాన్నీ మాత్రమే గాక, కింది గీతల సాంద్రతను సైతం నాణ్యతా ప్రమాణంగా గుర్తించవలసి ఉంది. కొనేవారికి కనిపించదు కనుక, ధర తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట తగ్గేది ఆ పనే. అది తగ్గితే పైనున్న బంగారమూ నిలవదు.