నియాన్ నగరంలో ఒంటరి తిరుగుబాటు

ఒక కళారూపం కొత్తదైనంత మాత్రాన అందులోని దృక్పథం కూడా కొత్తదై తీరాలని లేదు. నవలనూ, నాటకాన్నీ, సినిమానూ పరిశీలించిన గీటురాళ్లతోనే వీడియో ఆటను కూడా పరిశీలించవలసిన అవసరం ఇవాళ మన ముందుంది. ‘ఆటకు విమర్శ ఎందుకు?’ అనే మిత్రులున్నారు. డిటెక్టివ్ నవలల గురించీ, సినిమాల గురించీ కూడా ఒకప్పుడు ఇదే మాట అన్నారు. యువతరం ఊహాలోకాన్ని తీర్చిదిద్దుతున్న ఒక రూపాన్ని విమర్శ పట్టించుకోకపోతే, మార్కెట్టు పట్టించుకుంటుంది.

పోలెండు రాజధాని వార్సాలోని సి.డి.ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2020 డిసెంబరు 10న విడుదల చేసిన ‘సైబర్‌పంక్ 2077’ ఇలాంటి పరిశీలనకు తగిన ఆట. మైక్ పాండ్‌స్మిత్ 1988లో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటగా రూపొందించిన ‘సైబర్‌పంక్’ దీనికి మూలం. 2024 నాటికి మూడు కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి. దంతాలపల్లిలో దీన్ని నడపగల కంప్యూటరు ఉన్న ఇల్లు అరుదు. అయినా మా బడి పిల్లల్లో కొందరికి దీని పేరు తెలుసు. ఎవరో ఆడుతుంటే వీళ్లు ఫోనులో చూస్తారు. వాళ్లను పట్టి నిలిపింది కథ కాదు, ఆ వెలుగు.

కథ క్లుప్తంగా ఇది. నైట్ సిటీ అనే నగరాన్ని బహుళజాతి కంపెనీలు ఏలుతుంటాయి. అందులో అరసాకా ప్రధానమైంది. ‘వీ’ అనే కిరాయి మనిషి ఒక దొంగతనంలో చావుదాకా వెళతాడు (స్త్రీగానూ ఆడవచ్చు). దొంగిలించిన చిప్పు తలలో ఉండటంవల్ల బతుకుతాడు. ఆ చిప్పులో జానీ సిల్వర్‌హ్యాండ్ అనే చనిపోయిన రాక్ గాయకుడి చైతన్యం ఉంది. ఈ పాత్రను నటుడు కీను రీవ్స్ పోషించాడు. జానీ చైతన్యం వీ మెదడును మెల్లగా ఆక్రమిస్తుంది. చావు దగ్గరపడుతుంటే మనిషి ఎవరివైపు నిలబడాలి అన్నది ఇతివృత్తం.

ఆటలో బలం లేదనడం అన్యాయమవుతుంది. ఆకాశాన్నంటే కంపెనీ భవనాల కిందనే ఇరుకు గదుల బతుకులను ఇది చూపిస్తుంది. ట్రామా టీమ్ అనే వైద్య సంస్థ చందా కట్టినవారి ప్రాణం కోసం ఆయుధాలతో దిగుతుంది. చందా లేనివాడి వంక చూడదు. వైద్యం సరుకైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి చిత్రణ అక్కరలేదు. దళారీ ఫోను చేస్తే పనికి పోవడం, పనికింత అని కూలి, పనినిబట్టి పేరు – ఇదీ వీ బతుకు. హైదరాబాదులో ఫోను మోత వినగానే బండి ఎక్కి అన్నం పొట్లాలు మోసే యువకుడికి ఇది భవిష్యత్తు కథ కాదు.

అయితే ఈ విమర్శను ఆట ఏ రూపంలో చెబుతున్నది? నియాన్ వెలుగులో. నియాన్ దీపం 1910లో పారిస్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. త్వరలోనే అంగడి బోర్డులకెక్కింది. అది ప్రధానంగా వీధిని చూపించే దీపం కాదు, సరుకును చూపించే దీపం. నైట్ సిటీలో తడిసిన రోడ్డుమీద గులాబీ, నీలం కాంతులను పరుస్తున్నవి చాలావరకు ప్రకటనలే. వాటిలోని మాటలు వ్యంగ్యంగా ఉంటాయి, నిజమే. కాని కన్ను వ్యంగ్యాన్ని చదవకముందే అందానికి లొంగిపోతుంది. కంపెనీలు మనిషిని తింటున్నాయని వస్తువు చెబుతుంటే, ఆ కంపెనీల నగరం ఎంత అందమైనదో అని శిల్పం చెబుతున్నది. ఈ వైరుధ్యంలో గెలిచేది శిల్పమే.

రెండో లోపం తిరుగుబాటు స్వభావానికి సంబంధించింది. కథలో 2023లో జానీ అరసాకా భవనాన్ని అణుబాంబుతో పేల్చాడు. యాభై నాలుగేళ్ల తర్వాత కూడా అరసాకా ఏలుతూనే ఉంది. ఆట జానీ స్వార్థాన్ని దాచదు, అది దాని నిజాయితీ. కాని ఆ ఆగ్రహానికి వేరే దారి చూపదు. 1965లో తొలి సంపుటాన్ని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన దిగంబర కవులు కూడా కుళ్లిన వ్యవస్థమీద ఇలాగే మండిపడ్డారు. వారిలో చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్‌ల ఆగ్రహం 1970లో విప్లవ రచయితల సంఘానికి చేరింది. ఒంటరి కోపం సంఘటిత చైతన్యంగా మారే ఆ ప్రయాణం జానీకి లేదు.

సమష్టి ప్రయత్నాలు ఆటలో బొత్తిగా లేవా? ఉన్నాయి. క్లౌడ్స్ అనే భోగగృహాన్ని ముఠా చేతిలోనుంచి విడిపించి, అక్కడ పనిచేసేవారికే అప్పగించాలని జూడీ అనే యువతి పూనుకుంటుంది. ఆమె కోరుకున్న ఫలితం దక్కదు. ఒక ముగింపులో సంచార తెగవారు వీకి అండగా కలిసి పోరాడతారు. కాని చివరకు వారితోపాటు నగరాన్ని వదిలి వెళ్లడమే విముక్తి అవుతుంది. సంఘం ఉన్నచోట నగరం లేదు, నగరం ఉన్నచోట సంఘం లేదు.

2023లో వచ్చిన ‘ఫాంటమ్ లిబర్టీ’ అనుబంధంలోని ఒక ముగింపు ఈ దృక్పథాన్ని పూర్తిగా బయటపెడుతుంది. అందులో వీ బతుకుతాడు. అయితే పోరాట శక్తులన్నీ పోతాయి. వీధి రౌడీల చేతిలో దెబ్బలు తిని, చివరకు జనంలోకి నడిచి మాయమవుతాడు. ఈ సన్నివేశాన్ని ఆట గాఢమైన విషాదంగా చిత్రించింది. జనంలో కలవడం ఈ ఆటకు శిక్ష. 1946 జూలై 4న మా పొరుగున కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఊళ్లు చెదిరిపోలేదు, కదిలి వచ్చాయి. ఒక్క మనిషి చావు జనాన్ని సంఘం చేసిన చరిత్ర మనది. ఆ చరిత్ర తెలిసిన పాఠకుడు ఈ విషాదాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేడు.

కళను దాని ఉత్పత్తి సంబంధాలనుంచి విడదీసి చూడలేం. నిర్బంధంగా అదనపు పని చేయించబోమని 2019లో మాట ఇచ్చిన సంస్థే, 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పనిని తప్పనిసరి చేసింది. అంత చేసినా ఆట పాత యంత్రాలపై సరిగా నడవని స్థితిలో బయటికి వచ్చింది. డిసెంబరు 18న సోనీ తన అంగడినుంచి దాన్ని తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామన్నది. ఆట తిరిగి అక్కడ కనిపించింది 2021 జూన్‌లో. 2023 జూలైలో సంస్థ దాదాపు వందమందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాదే పోలెండు ఆటల పరిశ్రమ కార్మికులు యూనియన్ పెట్టుకున్నారు. ఆట ఊహించలేకపోయిన పనిని దాన్ని తయారుచేసిన చేతులు చేసి చూపాయి. తెలంగాణలో బండిమీద సరుకులు చేరవేసేవారికీ గిగ్, ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఉంది. కల్పన కంటే జీవితం ముందున్నది.

ఈ ఆటను నిషేధించమనో, పిల్లల చేతినుంచి ఫోను లాక్కోమనో ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వ్యవస్థపట్ల అసహ్యం, సాటి మనిషి కోసం ఆరాటం అందులో ఉన్నాయి గనుకనే అది యువకులను కదిలిస్తున్నది. ఆ అసహ్యం ఎక్కడ ఆగిపోయిందో చూపించడం విమర్శకుల పని. ఆగినచోటినుంచి కథను ముందుకు తీసుకుపోవడం రచయితల పని. 1998లో సైబర్ టవర్స్ లేచిన హైదరాబాదు మన కళ్లముందే ఉంది. దాని వెలుగుల గురించి రాసినవాళ్లున్నారు. ఆ అద్దాలు తుడిచేవారి గురించీ, రాత్రి కాపలా కాసేవారి గురించీ, వాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టే ఘడియ గురించీ రాయవలసింది ఇంకా చాలా ఉంది.