సాగరకన్య నాలుక

మొన్నటి సెలవుల్లో మా ఊరి సాయంకాలపు తెలుగు బడిలో పిల్లలకు ఒక పని పెట్టాము. గుణింతాలు దిద్ది దిద్ది వాళ్లు విసిగిపోయి ఉన్నారు. పుస్తకాలు మూయించి, తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, సాగరకన్య బొమ్మ వేయమన్నాము. పద్నాలుగు మంది వేశారు. పదమూడు బొమ్మల్లోనూ ఉన్నది ఒకే మనిషి: ఎర్రజుట్టు, ఆకుపచ్చ తోక, రొమ్ముల మీద ఊదారంగు ఆల్చిప్పలు. పద్నాలుగోది ఒక చిన్నవాడిది. వాడు పైన చేపతల పెట్టి, కింద రెండు కాళ్లు పెట్టాడు. తక్కినవాళ్లు పకపకా నవ్వారు. ఇదేమిటిరా అని అడిగితే, "గట్టు మీదికి రావాలంటే కాళ్లే కదండీ కావాలి" అన్నాడు.

బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1934లో ఇటువంటి బొమ్మే వేశాడు. ఒడ్డున పడి ఉన్న చేపకు నడుము కింద ఆడమనిషి కాళ్లు ఉంటాయి. ఆ సంగతి మా చిన్నవాడికి తెలియదు. వాడి తర్కం వాడిది. ఇంటికి వచ్చాక కూడా ఆ బొమ్మ మమ్మల్ని వదలలేదు. కాళ్లు వచ్చాయి సరే, ఆ చేపనోటితో ఆ పిల్ల మాట్లాడేది ఎలాగ? ఈ ప్రశ్న పట్టుకుని సాగరకన్య కథలను, చిత్రాలను మళ్లీ చూడాలనిపించింది. చూసి రాస్తున్నాము.

ఈ చిత్రాలను గురించి రాసేవారు సాధారణంగా తోకను గురించే రాస్తారు. అందులో తప్పేమీ లేదు. నడుము దగ్గర చర్మం ఎక్కడ ముగుస్తుంది, పొలుసు ఎక్కడ మొదలవుతుంది అన్నది తేలితే సగం పని అయినట్టే. ఆస్ట్రేలియా ఈతగత్తె అనెట్ కెల్లర్‌మన్ 1910ల మూకీ చిత్రాల్లో తోక తొడుక్కుని నిజంగానే ఈదింది. 1984లో వచ్చిన "స్ప్లాష్"లో డారిల్ హన్నాకు రాబర్ట్ షార్ట్ చేసిన తోక కూడా నీళ్లలో పనిచేసిన తోకే. ఆ నారింజరంగు రెక్క నీటిని తోసేటప్పుడు బరువు తెలుస్తుంది. 2023లో డిస్నీవారు తీసిన కొత్త "లిటిల్ మర్మెయిడ్"లో తోక కంప్యూటరు గీసినది. నటిని నీళ్లు లేని చోట యంత్రాలకు కట్టి ఊపి, నీటిని తరవాత చేర్చారు. పొలుసుల నిగనిగకు లోటు లేదు. కాని ఆ తోక దేనినీ తోయదు. నీళ్లే దాని చుట్టూ మర్యాదగా తప్పుకుంటున్నట్టు ఉంటుంది. మా కంటికి ఆనలేదు.

కోపెన్‌హేగన్ రేవులో ఎడ్వర్డ్ ఎరిక్సన్ చేసిన కంచుబొమ్మ 1913 నుంచి ఉన్నది. ఎత్తు 1.25 మీటర్లు. అంత పేరున్న బొమ్మ ఇంత చిన్నదా అని చూసినవారు ఆశ్చర్యపోతారట. దానికి సరైన తోక లేదు. ముడుచుకున్న రెండు కాళ్లు కిందికి వచ్చేసరికి రెక్కలవుతాయి. మార్పు సగంలో ఆగిపోయిన మనిషి అది. 1964లో ఒకసారి, 1998లో ఒకసారి ఎవరో దాని తల కోసుకుపోయారు. 1984లో ఒక చెయ్యి పోయింది. ప్రతిసారీ మళ్లీ బాగుచేసి పెట్టారు.

ఇంతకంటె వెనక్కి వెళితే తోకే ఉండదు. గ్రీకుల సైరెన్లు ఆడతల ఉన్న పక్షులు. మన దీవిలో ఫ్రెంచి, క్రియోల్ మాట్లాడే మనమందరం "సిరేన్" అనే ఒక్క మాటతో ఆ పక్షినీ ఈ చేపనూ కూడా పిలుస్తున్నాము. నావికులు చూశామని చెప్పినవి చాలావరకు పాలిచ్చే సముద్రపు ఆవులు. 1493లో కొలంబస్ మూడింటిని చూసి, బొమ్మల్లో ఉన్నంత అందంగా లేవని రాసుకున్నాడు. 1691 నుంచి రెండేళ్లు మన రొడ్రిగ్స్ దీవిలో గడిపిన ఫ్రాన్స్వా లెగా, అక్కడ అవి మందలుగా మేస్తూ ఉండేవని వర్ణించాడు. ఇప్పుడు ఒక్కటీ లేదు, తినేశారు.

ఇక అసలు విషయానికి వస్తాము.

డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో అచ్చు వేసిన కథను చిన్నపిల్లల కథ అని మనవాళ్లు తీసిపారేస్తారు. సినిమాలు చూసినవారు ఆ కథను మళ్లీ ఒకసారి చదవాలని మనవి. అందులో తోకకు అలంకారం ఒక్కచోటే ఉన్నది. పదిహేనేళ్లు నిండి మొదటిసారి నీటిపైకి వెళ్లబోయే మనవరాలి తోకకు ముసలి నాయనమ్మ ఎనిమిది ఆల్చిప్పలను కరిపించి పెడుతుంది. అవి వంశగౌరవానికి గుర్తులు. పిల్ల నొప్పి అంటుంది. గౌరవం కావాలంటే ఓర్చుకోవాలి అంటుంది ముసలావిడ. పెళ్లికూతురికి బిగించి జడ అల్లే మన మామ్మలు గుర్తుకు రాకుండా ఈ ఘట్టం చదవలేకపోయాము.

తరువాత కాళ్ల బేరం. సముద్రపు మంత్రగత్తె అడిగినది డబ్బు కాదు, గొంతు. ఆండర్సన్ దీనిని మబ్బుగా చెప్పడు. ఆమె ఆ పిల్ల నాలుకను కోసేస్తుంది. కాళ్లు వస్తాయి. ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టే ఉంటుంది. అయినా ఆ పిల్ల రాజసభలో అందరికంటె అందంగా నాట్యం చేస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. రాజకుమారుడిని కాపాడినది తానే అని చెప్పడానికి మాత్రం నోరు లేదు. అతడు వేరొక పిల్లను తనను కాపాడినదిగా పొరబడి పెళ్లి చేసుకుంటాడు. కథలోని విషాదమంతా ఈ ఒక్క చెప్పలేకపోవడంలో ఉన్నది.

ఇది మనకు కొత్త కథ కాదు. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద వచ్చినవారి నాలుకను ఎవరూ కత్తితో కోయలేదు. రామభజనలో, అమ్మోరు పండుగలో అది చాలాకాలం బతికే ఉన్నది. అయితే పిల్లవాడు బడిలో నిలబడాలంటే, గుమాస్తా కావాలంటే, మేష్టరు కావాలంటే వేరే నాలుక కావలసి వచ్చింది. కాళ్లు వచ్చిన మాట నిజం. వాటిమీద నిలబడే మేము ఈ వ్యాసం రాస్తున్నాము. ఆ కాళ్లను తక్కువచేసి మాట్లాడే హక్కు మాకు లేదు. మా మామ్మ చివరి రోజుల్లో మంచం మీద నుంచి ఏదో అడుగుతూ ఉంటే, చుట్టూ కూర్చున్న మనవలం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. నీళ్లు అడిగిందనుకుని నీళ్లు ఇచ్చాము. అది నీళ్లు కాదని ఆమె ముఖం చెప్పింది.

సినిమాలు ఈ నాలుక సంగతిని ఏం చేశాయో చూద్దాము. 1948లో రెండు చిత్రాలు వచ్చాయి. అమెరికావారి "మిస్టర్ పీబాడీ అండ్ ది మర్మెయిడ్"లో ఆన్ బ్లైత్ వేసిన సాగరకన్య మాట్లాడదు. నడివయసు పెద్దమనిషి వచ్చి చూసి మురిసే అందమైన మౌనం ఆమె. బ్రిటనువారి "మిరాండా"లో గ్లినిస్ జాన్స్ నోరు మూయదు. తోకను దుప్పటిలో దాచి, రోగిష్ఠిదానిలా చక్రాల కుర్చీలో కూర్చుని, లండను నగరంలో మగవాళ్లందరినీ ఆడిస్తుంది. తోక వదులుకోకుండానే పట్నం చూసిన సాగరకన్య ఈమె. హాస్యచిత్రమని విమర్శకులు చిన్నచూపు చూశారు గాని, మాకు ఈ జాతి చిత్రాలలో ఇదే ఎక్కువ నచ్చినది.

"స్ప్లాష్" నవ్విస్తూనే ఒక చోట గుచ్చుతుంది. న్యూయార్కు చేరిన సాగరకన్య ఒక పెద్ద దుకాణంలో టెలివిజన్ల ముందు కూర్చుని ఒక్క పూటలో ఇంగ్లీషు నేర్చేస్తుంది. ఆమె పేరేమిటని ప్రియుడు అడుగుతాడు. ఇంగ్లీషులో పలకడం కష్టం అంటుంది. మీ భాషలోనే చెప్పు అంటే పలుకుతుంది. ఆ కీచుకు వరసగా ఉన్న టెలివిజన్ల అద్దాలు పగిలిపోతాయి. తరువాత ఒక వీధిబోర్డు మీద కనిపించిన మాడిసన్ అన్న మాటే ఆమె పేరవుతుంది. హాలులో అందరూ నవ్వుతారు. మేమూ నవ్వాము, ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్ మెట్లు పదహారూ ఎక్కి వచ్చినవారి పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పుస్తకంలోకి ఎక్కాయి. అప్పడు "అప్పాడూ" అయినాడు. తండ్రి పిలుపుపేరు పిల్లలకు ఇంటిపేరయింది, అసలు ఇంటిపేరు ఎక్కడో జారిపోయింది. మన పేర్లు కూడా ఒక విధంగా వీధిబోర్డు పేర్లే.

ఇక పదమూడు మంది పిల్లలు వేసిన బొమ్మ. 1989లో రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ తీసిన డిస్నీ చిత్రం అది. బొమ్మలు గీసినవారి నేర్పును కాదనలేము. ఆకుపచ్చ తోకకు ఎర్రజుట్టు పెట్టడంతో చీకటి నీళ్లలో కూడా ఆ పిల్ల ఎక్కడున్నదో కన్ను వెతుక్కోనక్కరలేదు. మంత్రగత్తె ఉర్సులాకు ఆక్టోపస్ కాళ్లు పెట్టారు. ఎనిమిది గీయడం భారమని ఆరే గీశారు. రెండు చేతులతో లెక్క సరిపోయింది. ఇక్కడ నాలుక కోయడం లేదు. గొంతు ఒక వెలుగుముద్దలా బయటికి వచ్చి ఆల్చిప్పలో దాక్కుంటుంది, చివరికి ఆల్చిప్ప పగిలి తిరిగి వస్తుంది. పోయినది పదిలంగా ఎక్కడో ఉన్నదని, చిప్ప పగిలితే చాలునని ఈ చిత్రం పిల్లలకు చెబుతోంది. ఆండర్సన్ అంత సుళువుగా చెప్పలేదు.

అదే చిత్రంలో ఆండర్సన్‌లో లేనిది, మెచ్చుకోదగినది ఒకటి ఉన్నది. అది కాగితం. ఉర్సులా ఒక బంగారు ఒప్పందపత్రం చాస్తుంది. గడువు మూడు రోజులు. ఆ పిల్ల సరిగా చదవకుండా, కళ్లు గట్టిగా మూసుకుని సంతకం చేస్తుంది. ఒప్పందం మీద వేలిముద్ర వేసినవారి మునిమనవలకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఐతే సంతకం చేయగల పిల్ల గొంతు పోయాక రాజకుమారుడికి ఒక చీటీ రాయలేదా అన్న ప్రశ్న చాలామంది అడిగారు. మేమూ అడుగుతున్నాము. చిత్రం దగ్గర జవాబు లేదు.

2023 చిత్రంలో ఆ పిల్లగా నల్లజాతి నటి హేలీ బెయిలీ నటించింది. రంగు మార్చారని చిత్రం రాకముందే పెద్ద గొడవ అయింది. సాగరకన్య రంగు ఇదే అని చెప్పగలవాడెవడో మాకు అర్థం కాలేదు. తన జడపాయలతోనే ఆమె నటించడం, మనస్ఫూర్తిగా పాడడం ఆ చిత్రానికి ప్రాణం. మా ఫిర్యాదు వేరు. రాజకుమారుడి రాజ్యాన్ని తెరచాప ఓడల కాలపు కరీబియన్ దీవిగా మార్చారు. అంగడిలో అన్ని రంగుల మనుషులూ నవ్వుతూ తిరుగుతారు. వాళ్లు అక్కడికి ఎలా వచ్చారో, ఎవరు తెచ్చారో ఒక్క మాట లేదు. చెరకు దీవిలో పుట్టిన మనకు ఆ అంగడి నమ్మశక్యంగా లేదు.

మన తెలుగు సాగరకన్య సంగతి? 1996లో కె. రాఘవేంద్రరావు తీసిన "సాహసవీరుడు సాగరకన్య"లో వెంకటేశ్, శిల్పాశెట్టి నటించారు. క్యాసెట్టు దొరికిన వారం మా వీధిలో నాలుగిళ్లు తిరిగింది. అది "స్ప్లాష్" నీడలో నడిచిన చిత్రం. మన దర్శకుడికి తోక కంటె పాటకు ఆడే కాళ్లంటేనే మక్కువ. సరదాగా చూడవచ్చు, మళ్లీ చూడాలని మాకు అనిపించలేదు. అంతకు చాలా ముందు, 1961లో కె.వి. రెడ్డి తీసిన "జగదేకవీరుని కథ"లో వరుణుని కూతురు ఉన్నది, ఆమెకు తోక లేదు. నీటిదొర కూతురైనంత మాత్రాన చేపను అతికించాలని ఆనాటివారికి తోచలేదు.

మన సంప్రదాయంలో సగం చేప అయినవాడు దేవుడే. కృష్ణదేవరాయలు కట్టించిన నాగలాపురం గుడిలో వేదనారాయణస్వామికి నడుము పైన మనిషి రూపం, కింద మీనరూపం. వేదాలను, అంటే మాటను, నీళ్లలోంచి తిరిగి తెచ్చినవాడు ఆయన. ఇక ఆడపిల్ల అంటే మత్స్యగంధి. చేప కడుపున పుట్టింది, తోక లేదు, ఒంటినిండా చేపవాసన మాత్రం ఉన్నది. పడవలో పరాశరుడు మనసు చెప్పినప్పుడు ఆమె మూగగా నిలబడదు. రెండు గట్ల మీద మనుషులున్నారంటుంది, నా కన్నెరికం సంగతేమిటంటుంది, తండ్రి మాటేమిటంటుంది. ఒక్కొక్కదానికి జవాబు రాబట్టుకున్న తరువాతనే ఒప్పుకుంటుంది. వాసన పోయి పరిమళం వచ్చింది, నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. నన్నయ ఆదిపర్వం తెలుగులో ఉన్న ఈ కథను పదమూడు మంది పిల్లలలో ఒక్కరూ వినలేదు. ఆ తప్పు పిల్లలది కాదు, బడి నడిపే మాది.

తరువాతి శనివారం గుణింతాలు మానేసి ఆ పడవ కథ చెప్పాము. సగం తెలుగులో, సగం క్రియోల్‌లో చెప్పవలసి వచ్చింది. పద్నాలుగో బొమ్మ వేసిన చిన్నవాడు చివరిదాకా విని, పరాశరుడికి పడవ నడపడం రాదా అని అడిగాడు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో ముసలివారు సముద్రం గురించి, ఓడ గురించి, నీళ్లలో ఉండే అమ్మవార్ల గురించి ఏమైనా చెప్పి ఉంటే మాకు రాసి పంపండి. తెలుగులో రాయడం కష్టమైతే క్రియోల్‌లోనే పంపండి. తెలుగు మాట గుర్తున్న చోట మాత్రం, తప్పో ఒప్పో, ఆ మాటను అలాగే ఉంచండి.