టిక్: టెర్మినల్ వర్ణనలను కంపైల్ చేసే కమాండ్

టెర్మినల్‌కు ఏయే పనులు చేతనవునో, ఒక్కో పని చేయించడానికి దానికి ఏ సంకేతాలు పంపాలో అక్షరాల్లో రాసిన వర్ణనను ప్రోగ్రాములు సూటిగా చదువుకునే బైనరీ ఫైలుగా మార్చే కమాండ్ టిక్. టెర్మిన్ఫో కంపైలర్ అన్నదానికి అది పొట్టిపేరు. లెస్, టాప్, టీమక్స్ లాంటి ప్రోగ్రాములు తెర మీద కోరిన చోటికి కర్సర్‌ను తీసుకెళ్లాలన్నా, రంగు మార్చాలన్నా, లైను చివరి వరకు తుడిచేయాలన్నా టిక్ తయారుచేసిన ఫైలునే చూసుకుంటాయి. రోజూ టెర్మినల్ వాడేవారిలో చాలామందికి ఈ కమాండ్‌తో పని పడదు, ఎందుకంటే లినక్స్ పంపిణీలు ఆ ఫైళ్లను ముందే కంపైల్ చేసి ఇస్తాయి. కొత్త టెర్మినల్‌తో పాత సర్వర్‌లోకి లాగిన్ అయి, టెర్మినల్ రకం తెలియదన్న సందేశం ఎదురైన రోజున మాత్రం దీని పనితీరు తెలిసి ఉండటం ఎంతో అక్కరకొస్తుంది.

ఇలాంటి ఏర్పాటు ఎందుకు అవసరమైందో 1970ల నాటి రెండు టెర్మినళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. లియర్ సీగ్లర్ సంస్థ ఏడీఎం-3ఏలో కర్సర్‌ను కదిలించాలంటే ఎస్కేప్ అక్షరం, దాని వెంట సమాన గుర్తు, ఆ తర్వాత వరుసకొకటి, నిలువు గడికొకటి చొప్పున రెండు అక్షరాలు పంపాలి. సున్నా నుంచి లెక్కపెట్టిన సంఖ్యకు 32 కలిపితే వచ్చే ఆస్కీ అక్షరమే పంపాల్సిన అక్షరం. అంటే 5వ వరుస, 10వ గడి కావాలంటే 37కి చెందిన శాతం గుర్తు, 42కి చెందిన నక్షత్రం గుర్తు వెళ్లాలి. డెక్ సంస్థ 1978లో తెచ్చిన వీటీ100కు ఈ లెక్క పనికిరాదు. దానికి ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 6 అనే అంకె, సెమీకోలన్, 11 అనే సంఖ్య, చివర పెద్ద హెచ్ అక్షరం పంపాలి. చేరే చోటు అదే, కానీ వీటీ100 ఒకటి నుంచి లెక్కపెడుతుంది, సంఖ్యను అంకెల్లోనే కోరుతుంది. ఆ కాలంలో ఇలా ఎవరి దారి వారిదిగా ఉన్న టెర్మినళ్లు పదుల సంఖ్యలో ఉండేవి. వాటన్నిటి సంగతులూ ఎడిటర్ ప్రోగ్రాములోనే రాసుకుంటూ పోతే, కొత్త టెర్మినల్ వచ్చినప్పుడల్లా ఆ ప్రోగ్రామును తిరగరాయాల్సిందే.

బర్క్‌లీలో వీఐ ఎడిటర్ రాసిన బిల్ జాయ్ 1970ల చివర్లో ఈ చిక్కుకు టర్మ్‌క్యాప్ అనే పరిష్కారం తెచ్చారు. టెర్మినళ్ల సంగతులన్నీ ఒకే పెద్ద టెక్స్ట్ ఫైలులో ఉంటాయి, ఒక్కో సామర్థ్యానికి రెండక్షరాల పేరు ఉంటుంది. ఆలోచన గొప్పదే. కానీ ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ ఆ ఫైలును పైనుంచి వెతుక్కుంటూ రావాలి, దొరికిన వర్ణనను అప్పటికప్పుడు విడగొట్టుకోవాలి. పైగా ఒక్కో వర్ణన 1023 బైట్లు దాటకూడదు. మేరీ ఆన్ హోర్టన్ 1981–82 కాలంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన టెర్మిన్ఫో ఈ పనిని రెండుగా విడదీసింది. మనిషి రాసే వచనం ఒకటి, యంత్రం చదివే ఫైలు మరొకటి. మొదటిదాన్ని రెండోదిగా మార్చే శ్రమ వర్ణన రాసినప్పుడు ఒక్కసారి పడితే చాలు. ప్రోగ్రాము నడిచిన ప్రతిసారీ పడనక్కర్లేదు. ఈ విభజన నుంచి పుట్టిందే టిక్. 1982లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన పీకర్సెస్ అనే స్వేచ్ఛా రూపం తర్వాత ఎన్‌కర్సెస్ అనే లైబ్రరీగా ఎదిగింది. నేడు లినక్స్‌లో దొరికే టిక్ అందులోదే. థామస్ డికీ దశాబ్దాలుగా దాన్ని నిర్వహిస్తున్నారు. ఈ రంగంలో ఇంత ఓపికగా సాగిన సేవ అరుదు.

మూల వచనం రాసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. మొదటి లైను ఎడమ అంచునే మొదలవ్వాలి. అందులో టెర్మినల్ పేర్లు నిలువు గీతలతో విడిపోయి ఉంటాయి. చివరిది మాత్రం పేరు కాదు, మనుషుల కోసం రాసే వివరణ. ఆ వివరణలో ఖాళీ లేకుండా ఒకే పదం రాస్తే, పాత టిక్‌లు దాన్ని కూడా మారుపేరుగా భావించవచ్చని ఇప్పటి టిక్ హెచ్చరిస్తుంది. కింది లైన్లు ఖాళీతో గానీ ట్యాబ్‌తో గానీ మొదలవుతాయి. వాటిలో సామర్థ్యాలు కామాలతో ముగుస్తూ వరుసగా వస్తాయి. సామర్థ్యాలు మూడు రకాలు. ఉన్నదో లేదో చెప్పేవి బూలియన్లు: పేరు రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. తెరకు 80 నిలువు గడులు, 24 వరుసలు అని చెప్పేవి సంఖ్యలు, వాటికి పేరు తర్వాత హ్యాష్ గుర్తు వస్తుంది. పంపాల్సిన సంకేతాన్ని చెప్పేవి స్ట్రింగులు, వాటికి సమాన గుర్తు వస్తుంది. ఎన్‌కర్సెస్ పట్టికలో 44 బూలియన్లు, 39 సంఖ్యలు, 414 స్ట్రింగులు ఉన్నాయి. నిజానికి ఏ టెర్మినల్ వర్ణనైనా వీటిలో కొద్ది భాగాన్నే వాడుకుంటుంది.

టెర్మిన్ఫోలో అసలు నేర్పంతా స్ట్రింగుల్లో ఉంది. కర్సర్‌ను కదిలించే సంకేతంలో వరుస, గడి సంఖ్యలు ప్రతిసారీ మారుతుంటాయి కనుక అక్కడ సిద్ధంగా ఉన్న స్ట్రింగు చాలదు, చిన్న లెక్క కావాలి. ఆ లెక్కను శాతం గుర్తుతో మొదలయ్యే సూచనల్లో రాస్తారు. లోపల ఒక స్టాక్ ఉంటుంది. పీ1 అనే సూచన మొదటి పరామితిని, పీ2 రెండోదాన్ని స్టాక్ మీదికి ఎక్కిస్తాయి. డీ అన్నది పైనున్న సంఖ్యను దింపి అంకెల్లో రాస్తుంది. వీటీ100 వర్ణనలో ముందు ఐ అనే సూచన ఉంటుంది. రెండు పరామితులకూ ఒకటి చొప్పున కలపడం దాని పని. ఏడీఎం-3ఏ వర్ణనలో వరుస సంఖ్యను స్టాక్ ఎక్కించి, ఖాళీ అక్షరం విలువైన 32ను దాని మీద పెట్టి, కూడిక సూచనతో రెండిటినీ కలిపి, సీ సూచనతో ఫలితాన్ని అక్షరంగా పంపుతారు. గడి సంఖ్యకూ అదే తంతు. ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు యంత్రాలను ఇంత చిన్న భాష సరిగ్గా వర్ణించగలగడం మెచ్చుకోదగ్గ విషయం. షరతులకు కూడా ఇందులో చోటుంది. ఉదాహరణకు 256 రంగుల వర్ణనల్లో రంగు సంఖ్య 8 కంటే తక్కువైతే ఒక సంకేతం, 16 కంటే తక్కువైతే మరొకటి, ఆపైన వేరొకటి పంపే ఏర్పాటు ఒకే స్ట్రింగులో ఉంటుంది.

పాత వర్ణనల్లో కనిపించే మరో అంశం ఆలస్యం. వీటీ100 వర్ణనలో తెర తుడిచే సంకేతం చివర డాలర్ గుర్తు, కోణపు బ్రాకెట్లలో 50 అని ఉంటుంది. తెర తుడుచుకోవడం పూర్తయ్యేదాకా 50 మిల్లీసెకన్లు ఆగమని దాని అర్థం. సెకనుకు 9600 బిట్ల వేగంతో నడిచే లైన్‌పై ఆ వ్యవధిలో దాదాపు 48 అక్షరాలు వెళ్లగలవు. ఆగకుండా పంపితే కొన్ని దారిలోనే పోయే ప్రమాదం ఉండేది. నేటి కిటికీ టెర్మినళ్లకు ఈ ఆలస్యం అక్కర్లేదు కాబట్టి కొత్త వర్ణనల్లో దాన్ని రాయరు. వీటీ100 నుంచి వచ్చిన మరో అలవాటు మాత్రం నేటికీ పోలేదు. 80వ గడిలో అక్షరం పడగానే కర్సర్ కింది లైనుకు దిగదు, తర్వాతి అక్షరం వచ్చేదాకా అక్కడే నిలుస్తుంది. ఈ సంగతి చెప్పే బూలియన్‌ను వర్ణనలో మరిచిపోతే, లైను నిండినప్పుడు తెర మీది వరుసలు తారుమారవుతాయి. కొత్త టెర్మినల్‌కు వర్ణన రాసేవారు మొదట పరీక్షించాల్సింది ఈ అంచునే.

ప్రతి వర్ణననూ మొదటి నుంచి రాయనక్కర్లేదు. యూజ్ అనే పదంతో మరో వర్ణనను లోపలికి తెచ్చుకోవచ్చు. ముందు రాసిన సామర్థ్యానిదే పైచేయి కాబట్టి మార్పులు ముందు రాసి, యూజ్‌ను చివర పెడతారు. తెచ్చుకున్నదాంట్లో ఏదైనా వద్దనుకుంటే దాని పేరు పక్కన ఎట్ గుర్తు పెట్టి కొట్టేయవచ్చు. పాత ఎక్స్‌టర్మ్-256కలర్ వర్ణనల్లో వాలు అక్షరాల సంగతి ఉండేది కాదు. దాన్ని చేర్చడానికి మూడు లైన్లు సరిపోయేవి: కొత్త పేరు, వివరణ ఉన్న మొదటి లైను, వాలు అక్షరాలు మొదలుపెట్టే సంకేతం, ఆపే సంకేతం ఉన్న రెండో లైను, ఎక్స్‌టర్మ్-256కలర్‌ను యూజ్ చేసుకునే మూడో లైను. మొదలుపెట్టేది ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 3, చిన్న ఎమ్. ఆపేదానిలో 3కు బదులు 23 ఉంటుంది. విచిత్రమేమిటంటే, స్క్రీన్ అనే టెర్మినల్ వర్ణనలో ఆ మొదటి సంకేతమే అక్షరాలను వెలుగు తిప్పి చూపడానికి ఉంది. అందుకే మామూలు కిటికీలో టెర్మినల్ పేరు చెప్పే టర్మ్ వేరియబుల్‌కు స్క్రీన్ అని పేరు పెట్టుకుంటే, లెస్‌లో వెతికిన మాటలు మెరవాల్సింది పోయి వాలుగా కనిపిస్తాయి. తప్పు లెస్‌ది కాదు, టెర్మినల్‌ది కాదు. టర్మ్‌లో చెప్పిన పేరు అబద్ధం.

వర్ణన ఉన్న ఫైలు పేరును టిక్‌కు ఇస్తే అది ముందు వచనాన్ని చదివి, యూజ్‌లను విప్పుతుంది. వాటిని మొదట అదే ఫైలులో వెతుకుతుంది, దొరక్కపోతే ఇప్పటికే కంపైలైన డేటాబేసులో చూస్తుంది. తర్వాత ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో బైనరీ ఫైలు రాస్తుంది. ఆ ఫైలు మొదట్లో 12 బైట్ల శీర్షిక ఉంటుంది, అంటే ఆరు 16 బిట్ల సంఖ్యలు. మొదటిది 282 అనే గుర్తింపు సంఖ్య. మిగతా ఐదూ పేర్ల పొడవు, బూలియన్లు ఎన్ని, సంఖ్యలు ఎన్ని, స్ట్రింగులు ఎన్ని, స్ట్రింగుల పట్టిక పొడవు ఎంత అన్నవి చెబుతాయి. ప్రతి సంఖ్యలోనూ తక్కువ విలువ గల బైటు ముందు వస్తుంది కనుక ఏ ప్రాసెసర్ మీదైనా అదే ఫైలు చదవవచ్చు. పాత రూపంలో ఫైలు 4096 బైట్లు దాటకూడదు. కోటికి పైగా రంగులు నేరుగా చూపే టెర్మినళ్ల రంగుల లెక్క 16 బిట్లలో పట్టకపోవడంతో, 2018లో వచ్చిన ఎన్‌కర్సెస్ 6.1 సంఖ్యలకు 32 బిట్లు కేటాయించే కొత్త రూపాన్ని తెచ్చింది. దాని గుర్తింపు సంఖ్య 542, హద్దు 32768 బైట్లు.

టిక్ చేసే పనుల్లో కంపైల్ కంటే విలువైనది తనిఖీ. మైనస్ సీ ఐచ్ఛికం ఇస్తే అది ఏ ఫైలూ రాయకుండా తప్పులు మాత్రం చెబుతుంది. కర్సర్ కదిలించే స్ట్రింగుకు రెండు పరామితులు ఉండాల్సి ఉండగా ఒకటే కనిపిస్తే పట్టేస్తుంది. ఒక స్థితిలోకి వెళ్లే సంకేతం రాసి, బయటికొచ్చే సంకేతం మరిచిపోతే అడుగుతుంది. ఇలాంటి తప్పు కంపైలర్ కంట పడకపోతే, ఎక్కడో ఒక వాడుకరి తెర చెడిపోయినప్పుడే బయటపడుతుంది. అప్పుడు కారణం వెతకడం చాలా కష్టం. కాబట్టి రాసిన వర్ణనను ముందు మైనస్ సీతో చూసుకుని, హెచ్చరికలన్నీ తీరాకే కంపైల్ చేయడం మంచి పద్ధతి.

ఫైళ్లు ఎక్కడికి వెళ్తాయన్నది కూడా గమనించాలి. రూట్ హక్కులతో నడిపితే టిక్ వ్యవస్థ డైరెక్టరీలోనే రాస్తుంది, అదే పేరుతో ఉన్న పాత వర్ణనను తీసేస్తుంది. మామూలు వాడుకరి నడిపితే హోమ్ డైరెక్టరీలోని చుక్క టెర్మిన్ఫో అనే డైరెక్టరీలోకి చేరుతుంది. మైనస్ ఓ ఐచ్ఛికంతో వేరే చోటు చూపించవచ్చు. ఫైళ్లు టెర్మినల్ పేరులోని మొదటి అక్షరంతో ఉన్న ఉప డైరెక్టరీల్లో ఉంటాయి. మాక్ లాంటి చోట్ల ఆ అక్షరానికి బదులు దాని పదహారాంశ సంఖ్య ఉంటుంది, ఎందుకంటే అక్కడి ఫైల్ వ్యవస్థ పెద్ద, చిన్న అక్షరాలకు తేడా చూడదు. ఎన్‌కర్సెస్ వ్యవస్థ డైరెక్టరీ కంటే ముందు హోమ్ డైరెక్టరీలో వెతుకుతుంది. ఎప్పుడో సరదాకి కంపైల్ చేసిన ఎక్స్‌టర్మ్ వర్ణన అక్కడ మిగిలిపోతే, వ్యవస్థలో ఎన్ని కొత్త వర్ణనలు వచ్చినా అవి కంటపడవు. సొంత మార్పులకు సొంత పేరు పెట్టుకోవాలనడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

టిక్‌కు ఎదురుపని చేసేది ఇన్ఫోకంప్. బైనరీని తిరిగి వచనంగా విప్పడం, రెండు వర్ణనల తేడాలు చూపడం దాని పనులు. కిటీ లాంటి కొత్త టెర్మినల్ వర్ణన దూరపు సర్వర్‌లో లేనప్పుడు ఈ జంటనే వాడతారు. ఇక్కడ ఇన్ఫోకంప్ విప్పిన వచనాన్ని ఎస్‌ఎస్‌హెచ్ గొట్టం గుండా పంపి, అక్కడి టిక్ చేత కంపైల్ చేయిస్తారు. రెండు చివరలా మైనస్ ఎక్స్ ఐచ్ఛికం తప్పనిసరి. అసలు పట్టికలో లేని కొత్త సామర్థ్యాలు, అంటే నేరుగా చూపే రంగులు, రంగు అడుగుగీతలు, కర్సర్ ఆకారం వంటివి, అది లేకపోతే జారిపోతాయి. బైనరీని నకలు చేసుకుంటే సరిపోదా అనిపించవచ్చు. అక్కడి ఎన్‌కర్సెస్ పాతదైతే 32 బిట్ల రూపం చదవలేదు, మాక్ అయితే డైరెక్టరీ పేరే వేరు. వచనం పంపితే ఆ యంత్రానికి తగిన రూపం ఆ యంత్రమే రాసుకుంటుంది. అందుకే వర్ణనల విషయంలో దాచుకోవాల్సింది మూల వచనాన్నే. బైనరీని ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తయారుచేసుకోవచ్చు.

నేటి టెర్మినళ్లన్నీ దాదాపు వీటీ100 సంతతే కాబట్టి టెర్మిన్ఫో అక్కర్లేదని కొందరు ప్రోగ్రామర్లు వాదిస్తారు. ఎక్స్‌టర్మ్ సంకేతాలను ప్రోగ్రాములోనే రాసేస్తారు. చాలా చోట్ల అది పనిచేస్తుంది కూడా. కానీ లినక్స్ కన్సోల్‌లోనో, సీరియల్ లైన్‌కు తగిలించిన పరికరంలోనో అదే ప్రోగ్రాము తెర మీద అర్థం కాని గుర్తులు పరచవచ్చు. పైగా ఫంక్షన్ కీలు పంపే సంకేతాల్లో తేడాలు నేటికీ ఉన్నాయి. వర్ణన చూసుకునే ప్రోగ్రాముకు ఈ చోట్లన్నీ సమానమే.

వర్ణన హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. చాలా టెర్మినళ్లలో తెలుగు వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించడమో, కర్సర్ పక్క గడికి జారడమో జరుగుతుంటుంది. దానికి టిక్ చేయగలిగింది ఏమీ లేదు. టెర్మిన్ఫో టెర్మినల్‌కు పంపే సంకేతాలను వర్ణిస్తుందే తప్ప, ఒక అక్షరం ఎన్ని గడులు ఆక్రమిస్తుందో చెప్పదు. ఆ లెక్క సీ లైబ్రరీలోని వెడల్పు పట్టికలది, అక్షరాలను కూర్చి చూపే పని టెర్మినల్‌ది, దాని ఫాంట్లది. ఆ రెండు చోట్లా గడుల లెక్క ఒకేలా కుదిరినప్పుడే క్ష, స్త్రీ వంటివి తెర మీద సరిగ్గా నిలుస్తాయి.