ఒక్క నిమిషం గడువు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. పండక్కి ఊరు చేరినవాళ్లెవరూ ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు. పొద్దున గారెలూ మధ్యాహ్నం భోజనాలూ అయ్యాక ఇంటినిండా జనం, కావలసినంత తీరిక. మగవాళ్లలో సగంమంది పేకకి కూర్చుంటారు. ఆడవాళ్లు వంటింటి గడప దగ్గర కబుర్లలో పడతారు. పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్లుంటారు. ఏడాదికోసారి కలిసిన మూడు తరాలు మూడు గదుల్లో సర్దుకుపోయే వేళ అది. అందుకే మా ఇంట్లో నాలుగయ్యేసరికి హాల్లో చాపలు పరిచేస్తాం. వన్ మినిట్ గేమ్స్ ఆడతాం. వాటిని నడిపే పని చాలా ఏళ్లుగా నాది.

ఆట ఎంచేటప్పుడు నేను ముందు ఆలోచించేది అందరికన్నా వెనకబడేవాళ్ల గురించి. పది సూదులకి దారం ఎక్కించాలి, ఎవరు ముందు ముగిస్తే వాళ్లు గెలిచినట్టు అని పెట్టారనుకోండి. కొత్తకోడలు చకచకా ముగించి లేస్తుంది. చూపు సరిగా ఆనని పెద్దమ్మ ఇంకా నాలుగో సూది దగ్గరే ఉంటుంది. ఇంటిల్లిపాదీ తన చేతులకేసే చూస్తుంటే ఆ కాస్త బెజ్జం కూడా కనబడకుండా పోతుంది. "నావల్ల కాదు లేవే" అని పక్కన పెట్టేస్తుంది. ఆ తర్వాత ఏ ఆటకి పిలిచినా లేవదు. అదే ఆటని తిరగేసి, నిమిషంలో ఎన్నిటికి ఎక్కిస్తే అన్ని అనండి. కోడలూ పెద్దమ్మా ఒక్కసారే మొదలుపెడతారు, ఒక్కసారే ఆపుతారు. కోడలివి తొమ్మిది, పెద్దమ్మవి మూడు. అందరూ చూస్తుండగా ఒంటరిగా మిగిలిపోయే బాధ ఎవరికీ ఉండదు. "కళ్లద్దాలు పెట్టుకుని ఉంటే ఇంకో రెండు ఎక్కించేదాన్ని" అంటూ పెద్దమ్మ తర్వాతి ఆటకి చాప మీదే కూర్చుంటుంది.

పని అప్పగించి సమయం చూడటం వేరు, సమయం ఇచ్చి పని లెక్కపెట్టడం వేరు. కుటుంబంతో ఆడేటప్పుడు రెండోదే ఆడాలని నా నమ్మకం. కుర్చీలాట మా ఇంట్లో పెట్టనిదీ ఇందుకే. మొదటి రౌండులోనే అవుటయిన ఐదేళ్ల పిల్ల మిగతా ఆటంతా గోడకి ఆనుకుని నిలబడాలి. పండక్కి వచ్చిన పిల్లని పక్కకి పంపేసే ఆట మనకెందుకు?

గడువు పెట్టి ఆడటం టీవీ తెచ్చిన అలవాటని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. 2010లో అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లు 'మినిట్ టు విన్ ఇట్' మొదలుపెట్టాక కప్పులు, స్ట్రాలు, బిస్కెట్లతో ఆడే అరవై సెకన్ల ఆటలు దేశదేశాలు తిరిగి మన అపార్ట్‌మెంట్లలో కిట్టీ పార్టీల దాకా వచ్చాయి. నుదుటి మీద బిస్కెట్ పెట్టుకుని, చెయ్యి తగలకుండా నోటిదాకా జార్చుకునే ఆట ఆ షోలోదే. ఇక్కడ ఈటీవీలో సుమ నడిపిన 'స్టార్ మహిళ' చూసి, మనమూ ఆడగలం అని ముందుకొచ్చిన గృహిణులు మా బంధువుల్లోనే ఉన్నారు.

కానీ మన పాత ఆటల్లోనూ గడువు ఉండేది. చెడుగుడులో కూతే గడియారం. ఊపిరి తెగితే గడువు తీరినట్టే. ఇప్పుడు ప్రొ కబడ్డీలో రైడర్‌కి 30 సెకన్లు లెక్కగట్టి ఇస్తున్నారు. పల్లెల్లో ఆడేటప్పుడు ఎవరి ఊపిరి ఎంతో వాళ్ల గడువూ అంతే. అచ్చనగాయల్లో పైకెగరేసిన రాయే గడియారం. అది కిందికి వచ్చేలోగా నేలమీది రాళ్లు గుప్పిట్లోకి రావాలి, అదే చేత్తో పైనుంచి దిగే రాయినీ పట్టాలి. ఆరితేరిన పిల్ల రాయిని ఇంకాస్త ఎత్తుకి ఎగరేసి తన గడువు తనే పెంచుకునేది. మా అమ్మమ్మ ఆడుతుంటే చూశాను. రాయి పైకి లేచినప్పుడు ఆవిడ కళ్లూ దాంతోపాటే లేచేవి, చెయ్యి మాత్రం చూడకుండానే నేలని తుడిచేసేది.

మా కనుమ ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పూలు కట్టే ఆట. పళ్లెంలో కనకాంబరాలు, బారెడు దారం, నిమిషం గడువు. మా అత్తగారు దారం కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని కూర్చుంటారు. రెండు పూలు ఇటు, రెండు అటు, కాడల మీద కాడలు పడేలా పేరుస్తారు. దారాన్ని కాడల చుట్టూ తిప్పి, వేళ్ల మీద మెలిక వేసి, ఆ మెలికని కాడల మీదుగా దింపి లాగుతారు. పనితనమంతా ఆ లాగడంలోనే ఉంది. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదిలేస్తే పువ్వు జారుతుంది. ఆవిడ పూలకేసి చూడనే చూడరు. ఎదురుగా తడబడుతున్న మనవడి చేతులే చూస్తుంటారు. "ఒరేయ్ నాన్నా, పువ్వునెందుకు నలుపుతావు, కాడ పట్టుకో" అని చెబుతూనే నాలుగు వరసలు కట్టేస్తారు.

టైం అవగానే ప్రతి దండనీ ఒక కొసన పట్టుకుని మూడుసార్లు దులుపుతాం. నిలిచిన పూలే లెక్క. ఈ నియమం పెట్టాక ఆట తీరే మారిపోయింది. హడావిడిగా కట్టిన దండలో సగం పూలు చాప మీద రాలతాయి. నిదానంగా రెండే వరసలు కట్టిన మనవడి దండ చెక్కుచెదరదు. సాయంత్రానికి ఆ దండలన్నీ ఆడపిల్లల జడల్లో ఉంటాయి.

టైం చూసే పని ఎవరికివ్వాలన్నది చిన్న విషయం కాదు. ఆటలంటే విసుగని మూల కూర్చున్న పదో తరగతి పిల్లాడిని పిలిచి స్టాప్‌వాచ్ అప్పగిస్తాను. సగం సమయం అయిందని అరవాలి, చివరి పది సెకన్లు అందరిచేతా పైకి లెక్కపెట్టించాలి. ఆ పది అంకెల కోసం పేక దగ్గరున్నవాళ్లు కూడా లేచి వస్తారు. వినికిడి తగ్గిన తాతగారి ముందు మాత్రం బోర్డు గేముల డబ్బాలో వచ్చే నిమిషం ఇసుక గడియారం పెడతాం. ఎంత మిగిలిందో ఆయనకి కళ్లకి కనిపిస్తుంది, ఎవరూ భుజం తట్టి చెప్పక్కర్లేదు.

ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెడితే నిమిషం ఆట గంట పడుతుంది, చూసేవాళ్లు జారుకుంటారు. నలుగురికి నాలుగు పళ్లాలు ఒకేసారి పెట్టాలి. మినుములు, పెసలు, శనగలు కలిపి వేరుచేసే ఆటని బల్ల మీదే ఆడిస్తాం, గింజలకి కాలు తగలకూడదు కదా. ఆట అయ్యాక అవి కడిగి నానబెట్టేవే. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గింజల ఆటా బెలూన్ల ఆటా వాళ్లు నిద్రపోయాకే పెట్టాలి. గొంతుకి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. భార్యాభర్తల్ని నిలబెట్టి ఆటపట్టించే ఆటలు నేను పెట్టను. కొత్తగా పెళ్లయినవాళ్లు నవ్వుతూనే ఎంత ఇబ్బంది పడతారో దగ్గర నుంచి చూశాను.

వచ్చే కనుమకి దొన్నెలు కుట్టే ఆట పెడుతున్నాం. పెరట్లో బాదం ఆకులున్నాయి, ఈనె పుల్లలు చీల్చుకుంటే సరి. మా పెదనాన్నగారు ఇంతవరకూ ఏ ఆటకీ లేవలేదు. ఒకప్పుడు ఊళ్లో పెళ్లిళ్లకి దొన్నెలు, విస్తళ్లు కుట్టిన చెయ్యి ఆయనది. ఈ ఆట సంగతి చెప్పగానే పడక కుర్చీలోంచి ముందుకి వంగి, నీళ్లు పోస్తే కారని దొన్నెలే లెక్కలోకి రావాలని నియమం పెట్టారు. నిమిషం చాలదు, రెండు ఇమ్మన్నారు. ఇచ్చాం.