అప్పన్న చేతిలోని సన్నాయి

1977లో కన్నడంలో 'సనాది అప్పన్న' వచ్చింది. పల్లెటూరి సన్నాయి విద్వాంసుడిగా రాజ్‌కుమార్ నటించాడు. ఆయన పెదవుల దగ్గర వాయిద్యానికి ఊపిరి పోసినవాడు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. 1980లో తెలుగులో 'సన్నాయి అప్పన్న' వచ్చింది. ఈసారి సన్నాయి శోభన్‌బాబు చేతికి మారింది. మూడు దిక్కులా ఆంధ్ర పల్లెలే ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అక్కడి క్యాతగానచెర్లు లాంటి ఊళ్లకు ఈ ఇద్దరు అప్పన్నలూ సొంత మనుషులే.

సినిమా చూసి బయటికొచ్చినవాళ్లకు అప్పన్న కష్టం గుర్తుంటుంది. అతని విద్య గుర్తుండదు. సన్నాయి కళాకారుల మీద మనకు జాలి ఉంది, వాళ్లకేం తెలుసో తెలుసుకోవాలన్న ఆసక్తి లేదు. నా బాధంతా ఇక్కడే. ఏం వాయిస్తున్నాడో తెలియనివాడు ఎంత జాలిపడినా, చివరికి చేతిలో చిల్లర పెట్టి పంపేస్తాడు.

సినిమాలో వినిపించేది ఉత్తరాది షెహనాయి. మూరెడు పొడవుంటుంది, చివర లోహపు గరాటు ఉంటుంది, గొంతు మెత్తన. మన గుడిలో, మన పెళ్లిలో మోగేది నాదస్వరం. దాదాపు రెండున్నర అడుగులు, చివరి గరాటు కూడా కర్రదే. దాని గొంతు ఆరుబయట ఊరంతటికీ వినబడాలి. జనం నోట రెండూ సన్నాయే. రెండింటి ప్రాణమూ ఒకచోటే ఉంది, పీకలో.

ఆ పీకను ఒక్కసారి దగ్గరగా చూడండి. కావేరి ఒడ్డున పెరిగే రెల్లు జాతి గడ్డిని ఉడికించి, ఆరబెట్టి, నొక్కి, రెండు పలుచని నాలుకలు ఒకదానిమీదొకటి ఆనేలా చేస్తారు. చిన్న లోహపు గొట్టానికి దారంతో బిగిస్తారు. పొడిగా ఉంటే అది పలకదు. అందుకే మేళం మొదలుకాకముందే విద్వాంసుడు పీకను నోట్లో పెట్టుకుని తడుపుతూ కనిపిస్తాడు. మధ్యమధ్యలో ఒట్టి పీకనే ఊది చూసుకుంటాడు. పిల్లలు దానికి నవ్వుతారు. ఆయన మాత్రం ఆ పూట తన పీక ఎంత బిగువుగా ఉందో, ఎంత గాలి అడుగుతోందో లెక్క కట్టుకుంటున్నాడు. వాయిద్యానికి వేలాడే దారాలకు రెండు మూడు అదనపు పీకలు, వాటి నోరు సరిచేసే సన్నని పుల్ల ఉంటాయి. అవి అలంకారం కాదు. మంగళసూత్రం వేళకు పీక మొరాయిస్తే క్షణంలో మార్చాలి.

కర్ర సంగతి మన సీమవాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. నాదస్వరానికి శ్రేష్ఠమని తమిళులు చెప్పే ఆచ్చా చెట్టు మన నారేపే. అనంతపురం, తుమకూరు మెట్టల్లో పెరిగేదే. తంజావూరు జిల్లా నరసింగంపేటలో పాత ఇళ్ల నుంచి తీసిన, ఏళ్ల తరబడి ఎండిన ఈ కర్రను ఏరి తెచ్చి నాదస్వరాలు చేస్తారు. ఆ ఊరి వాయిద్యానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గొట్టానికి పైన వేళ్ల కోసం ఏడు రంధ్రాలు, కింద మరో ఐదు. కింది వాటిని మైనంతో కొంత పూడ్చి, కొంత తీసి శ్రుతి కుదుర్చుకుంటారు.

హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం దానంతటదే పలుకుతుంది. సన్నాయిలో అలా కుదరదు. వేలు రంధ్రాన్ని సగం మూసిందా, పావు మూసిందా, పెదవి పీకను ఎంత నొక్కింది, ఊపిరి ఎంత బలంగా వెళ్లింది, ఈ మూడూ కలిస్తేనే స్వరం. వేళ్లు కదపకుండా ఊపిరి ఒక్కటే మార్చి స్వరాన్ని పైకీ కిందికీ నడిపించొచ్చు. గమకం పుట్టేది అక్కడే. మనిషి గొంతుకు ఇంత దగ్గరగా వచ్చే వాయిద్యాలు తక్కువ. 'సనాది అప్పన్న'లో ఎస్. జానకి గొంతు, బిస్మిల్లా ఖాన్ షెహనాయి ఒకదాన్నొకటి అల్లుకుపోవడం వినండి. అంతకు పదిహేనేళ్ల ముందు 'మురిపించే మువ్వలు'లో ఇదే జానకి కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో దీటుగా పాడింది. పాట ఎక్కడ ఆగిందో, వాయిద్యం ఎక్కడ అందుకుందో విడదీసి చెప్పడం కష్టం.

ఊపిరి ఆపకుండా ఊదడం మరో సాధన. బుగ్గల్లో గాలి నిలువ చేసుకుని, దాన్ని పీకలోకి నెడుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. దీన్ని ఒంటికి అలవాటు చేయడానికి చిన్నతనం నుంచి సాధన కావాలి, కడుపునిండా తిండి కావాలి. ఖాళీ కడుపుతో నాదస్వరం ఊదడం కూలిపని కంటే తేలికేం కాదు.

పక్కనే డోలు. పనసకర్రతో చేసిన ఒళ్లు, ఒకవైపు పుల్ల దెబ్బ, రెండోవైపు వేళ్లు. ఆ వేళ్లకు గుడ్డను పిండి జిగురుతో గట్టిపరిచిన తొడుగులుంటాయి. డోలు విద్వాంసుడి కన్ను పురోహితుడి చేతి మీద ఉంటుంది. సైగ రాగానే సన్నాయి ఏ రాగం మధ్యలో ఉన్నా వదిలేస్తుంది, గట్టిమేళం అందుకుంటుంది. అశుభపు మాటా, తుమ్మూ వినబడకూడదని పెట్టిన ఆచారం అది. జనం చెవిన పడేది ఆ ఒక్క నిమిషమే. అంతకు ముందు గంటసేపు సన్నాయి విద్వాంసుడు కల్యాణి రాగాన్ని మెల్లగా విప్పుకుంటూ వచ్చాడని ఎంతమంది గమనిస్తారు? తెల్లవారుజామున భూపాళం, దేవుడి ఊరేగింపుకు మల్లారి, పవళింపుకు నీలాంబరి. ఒకప్పుడు గుడి దగ్గర ఉన్న ఊరు గడియారం చూడకుండానే పొద్దు తెలుసుకునేది.

ఈ విద్యను మోసినవాళ్లు మన పల్లెల్లో ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాలవాళ్లు. కోస్తాలో ముస్లిం విద్వాంసుల గొప్ప పరంపర ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యాడు. భద్రాచలం రాముడి సన్నిధిలో వాయించిన గోసవీడు షేక్ హసన్‌కు 2022లో మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు. కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో అదే గౌరవం దక్కింది. ఇంత ఎత్తుకు వెళ్లిన విద్యే ఇది. ఊళ్లో మాత్రం అదే విద్య తెలిసినవాణ్ని పందిరి అంచున చాప మీద కూర్చోబెట్టి, భోజనానికి ఆఖరి బంతిలో పిలుస్తారు. ఇది మన తప్పు, దిద్దుకోవాల్సింది మనమే.

పాత రోజుల్లో మేళగాడికి కళ్లం దగ్గర గింజల మేర ఉండేది. పంట వచ్చిన ఏడు అతనికీ తిండి దొరికేది. ఇప్పుడు క్యాతగానచెర్లు పొలాలవైపు చూస్తే సౌరఫలకాలు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదూళ్ల పరిధిలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలిసింది. 2018లో తొలి దశ మొదలైంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో ఒప్పందాలు జరిగాయి. కరువుసీమకు అది ఆసరాయే, కాదనను. కానీ కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది. కళ్లమే లేనప్పుడు మేర అడగడానికి తావెక్కడ? భూమిలేని కళాకారుడికి ఇక మిగిలింది రొక్కమే, అదీ పెళ్లిళ్ల నెలల్లోనే.

అందుకే పెళ్లి పెట్టుకున్నవాళ్లకు నా విన్నపం. కల్యాణమండపంతో పాటే మేళాన్నీ మాట్లాడుకోండి. డోలు, రెండో సన్నాయి, శ్రుతి, రానుపోను ఖర్చు అన్నీ కలిపి సొమ్ము ముందే తేల్చండి. వాళ్లు వాయిస్తున్నంతసేపూ డీజే ఆపించండి. ముహూర్తానికి ముందు ఒక అరగంట ఏదైనా రాగం పూర్తిగా వాయించమని అడగండి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టండి. వాళ్లలో ఎవరికైనా నేర్చుకోవాలనిపిస్తే ఆ మేళగాడినే గురువుగా అడగండి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి పాఠశాలలో నాదస్వరం, డోలు రెండూ నేర్పుతున్నారు.