పదక్రీడలలో సాధుశబ్ద నిర్ణయము

శబ్దము సాధువా, అసాధువా అను చర్చ వైయాకరణులకు క్రొత్తది కాదు. కాని యీ చర్చ నేడు వ్యాకరణశాలలను దాటి, జనులు యంత్రముల తెరలపై నిత్యము ఆడుకొను పదక్రీడలలో సాగుచున్నది. ఆటగాడొక పదమును కూర్చును; యంత్రము దానిని త్రోసిపుచ్చును. తన యింట అనుదినము వాడు మాట పదమెట్లు కాకపోయెనని యాతడు వాదించును. మరియొకప్పుడు ప్రత్యర్థి, ఎవ్వరును విని యెరుగని రెండక్షరముల కూర్పు నొకదానిని పెట్టును. యంత్రము దానిని అంగీకరించి విలువ కట్టును. అప్పుడును వివాదమే. ఈ కలహములను ప్రొద్దుపోని వారి ముచ్చటలని కొట్టివేయుట తగదని మా యభిప్రాయము. నిఘంటువునకు భాషపై గల అధికార మెట్టిది, అది యెంతవరకు చెల్లును అను ప్రశ్న వీనిలో ఇమిడియున్నది. ఆంగ్లమున మిక్కిలి ప్రచారము గన్న స్క్రాబుల్, వర్డిల్ అను రెండు క్రీడలను తీసికొని యీ ప్రశ్నను పరిశీలించి, అందుండి తెలుగువారు గ్రహింపదగిన దేమో తుదిని సూచింతుము.

1

స్క్రాబుల్ ఆటకు మూలపురుషుడు ఆల్‌ఫ్రెడ్ బట్స్ అను అమెరికా దేశపు వాస్తుశిల్పి. ఆయన 1930 తరువాతి దశాబ్దమున, వార్తాపత్రికల పుటలలో ఏ యక్షరము ఎన్ని మారులు వచ్చుచున్నదో లెక్కించి, ఆ లెక్కను బట్టి బిళ్ళల సంఖ్యను, వాని విలువను నిర్ణయించినాడు. 1948లో జేమ్స్ బ్రూనో దీనికి నేటి పేరు పెట్టి ప్రచారమునకు తెచ్చినాడు. ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. అక్షరముల విలువ లోకవ్యవహారమును లెక్కించుటచే ఏర్పడినది. పదముల యోగ్యత మాత్రము లోకవ్యవహారమునకు గాక నిఘంటువునకు అప్పగింపబడినది. వ్యక్తుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సంక్షేపములు, ఒంటిగా నిలువని ప్రత్యయములు పనికిరావని నియమము. తక్కిన వానికి ఏదేని యొక నిఘంటువు ప్రమాణము. అది యేదో ఆటకు ముందే ఆటగాండ్రు ఒప్పుకొనవలెను. ఇంటిలో ఆడుకొనువారికి ఇది చాలినది. పోటీలు ప్రబలిన తరువాత చాలలేదు. 1978లో మెరియమ్ వెబ్‌స్టర్ సంస్థ ఈ యాటకై ప్రత్యేకముగా నొక నిఘంటువును వెలువరించినది. నాడు అమెరికాలో వాడుకలో నున్న ఐదు కళాశాల నిఘంటువులలో ఏ యొక్కదానియందున్నను ఆ పదము గ్రాహ్యమని దాని పద్ధతి. బ్రిటనులో ఎడింబరో నగరమున పుట్టిన ఛేంబర్స్ నిఘంటువు చిరకాలము ప్రమాణముగా నుండి, పిదప ఆ స్థానము కాలిన్స్ వారికి వచ్చినది.

మూలగ్రంథములు వేరగుటచే పట్టికలును వేరైనవి. స్కాట్లండు పలుకుబడిలో ఆవులను చెప్పు 'కై' అను రెండక్షరముల పదము కాలిన్స్ పట్టికలో నున్నది. ఉత్తర అమెరికా పట్టికలో లేదు. ప్రాణశక్తిని చెప్పు చీనా పదము 'చీ', పిజ్జా అను పదమునకు తోకముక్కయైన 'జా' అమెరికా పట్టికలో ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున చేరినవి. లోకమంతయు నిత్యము పలుకు 'ఓకే' మాత్రము 2018 వరకు అమెరికా పట్టికలోను, 2019 వరకు కాలిన్స్ పట్టికలోను చోటు పొందలేదు. ఎవ్వరు నెరుగనిది సాధువు, అందరు నెరిగినది అసాధువు అను వింత స్థితికి ఇది ఉదాహరణము. దీనికి కారణము పట్టిక కర్తల అజ్ఞానము కాదు. నిఘంటుకర్తలు 'ఓకే'ను పెద్ద యక్షరములతో వ్రాయు సంక్షేపముగా పరిగణించిరి. ఆట నియమము సంక్షేపములను నిషేధించినది. అనగా నిఘంటువున నొక సౌకర్యమునకై చేసిన లిపివిభాగము, ఆటలోనికి వచ్చునప్పటికి పదత్వమునే హరించు శాసనమైనది. ఒక ప్రయోజనమునకై కూర్చిన గ్రంథమును వేరొక ప్రయోజనమునకు వాడినపుడెల్ల ఇట్టి చిక్కు కలుగుచునే యుండును.

2

నిఘంటువు అర్థమును తెలుపుటకు పుట్టినది. ఆట దానినుండి అర్థమును ఒలిచివేసి, రూపమును మాత్రము నిలుపుకొన్నది. ఈ వైచిత్ర్యము నిరూపితమైన సంవత్సరము 2015. న్యూజిలాండు దేశీయుడైన నైజెల్ రిచర్డ్స్, ఫ్రెంచి భాష మాటలాడుట తెలియకయే, బెల్జియము దేశమున జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచపోటీలో జయించినాడు. పదముల పట్టికను ఆయన తొమ్మిది వారములలో కంఠస్థము చేసెనని నాటి వార్తాపత్రికలు వ్రాసినవి. మరల 2024లో స్పెయిన్ దేశమున గ్రనాడా నగరమున స్పానిష్ భాషలోను ఆయన అట్లే గెలిచినాడు. ఆ రెండు భాషలును మాతృభాషలుగా గలవారు అర్థము నెరిగియుండియు ఓడిరి. కావున ఆట పట్టికలో నున్నవి పూర్ణార్థమున పదములు కావు. అవి ఆటగాండ్రు సమ్మతించిన అక్షరసముదాయములు. 'ఇది పదమా?' అని యాటలో అడుగు ప్రశ్నకు నిజమైన రూపము 'ఇది పట్టికలో నున్నదా?' అనునదియే.

అట్లయినచో అర్థము ఆటను పూర్తిగా విడిచిపోయినదా? లేదు. అది వేరొక ద్వారమున మరల ప్రవేశించినది. 1994లో, జాతులను అవమానించు పదములు ఆట నిఘంటువులో నుండరాదని అమెరికాలోని యూదుల సంఘమొకటి ఆక్షేపించినది. 1995 నాటి మూడవ కూర్పునుండి అట్టి పదములు తొలగింపబడినవి. పోటీ ఆటగాండ్రు ఒప్పుకొనలేదు. తత్ఫలముగా ఇంటియాటకు శుద్ధిచేసిన నిఘంటువు, పోటీలకు అర్థములు లేని పూర్తి పట్టిక అని రెండు ప్రమాణములేర్పడినవి. 2020లో అమెరికా ఆటగాండ్ర సంఘము తన పట్టికనుండి రెండు వందలకు మించిన నిందాపదములను తొలగించినది. 2021లో బ్రిటను పక్షమున ఆటకు హక్కుదారులైన మాటెల్ సంస్థ నాలుగు వందల పదములను తీసివేయించినది.

ఈ వివాదమున ఉభయపక్షముల వాదములును సమగ్రములు కావు. తమ యాటలో పదములకు అర్థమే లేదని, కావున అవి యెవ్వరిని నొప్పింపజాలవని ఒక పక్షము వాదించినది. పలక యెదుట కూర్చున్న ప్రత్యర్థికి భాష వచ్చును గదా. తన జాతిని దూషించు పదమును తన యెదుట పేర్చి విలువ లెక్కించుకొనుచుండగా అది యక్షరసముదాయమే యని యాతడెట్లు భావించును? రెండవ పక్షము తొలగింపును భాషాసంస్కారముగా చాటినది. పట్టికనుండి పోయినంతమాత్రమున దూషణపదము లోకమునుండి పోదు; నిఘంటువునుండి పోనును పోరాదు, ఏలన పూర్వుల దోషములకు నిఘంటువు సాక్షి. ఆటనుండి తొలగించుట మర్యాద. నిఘంటువునుండి తొలగించుట సాక్ష్యమును చెరుపుట. ఈ రెండును వేరని గుర్తించినచో సగము కలహము చల్లారును.

3

జాష్ వార్డిల్ రచించి 2021లో లోకమునకు విడిచిన వర్డిల్ ఆట ఈ సమస్యను మరింత స్పష్టము చేసినది. ఐదక్షరముల పదమును ఆరు ప్రయత్నములలో కనుగొనవలెను. ఆంగ్లమున నట్టి పదములు సుమారు 12,000 కలవు. అన్నింటిని సమాధానములుగా పెట్టినచో ఆట యెవ్వరికిని సాధ్యము కాదు. కావున ఆయన రెండు పట్టికలు చేసినాడు: ఊహగా పెట్టుటకు పెద్దది, సమాధానమునకు 2,500కు లోబడిన చిన్నది. చిన్న పట్టికలోని పదములను ఆయన సహచరి, తనకు తెలిసినవి, తెలియనివి అని విడదీసి యేర్చినది. ఈ పద్ధతిలో దాపరికము లేదు. ఒక్క వ్యక్తి పరిచయమే ఇచ్చట కొలమానము. అది భాషాప్రమాణమని యెవ్వరును చెప్పలేదు.

2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీనిని కొన్నది. వెంటనే ఆక్షేపణలు మొదలైనవి. ఆ ఫిబ్రవరిలో హాస్యమును చెప్పు 'హ్యూమర్' అను పదము అమెరికా వర్ణక్రమముతో సమాధానముగా వచ్చినది. బ్రిటను వ్రాతలో ఆ పదమునకు ఆరక్షరములు. అనగా ఆ దేశస్థుడు తన భాషను తాను వ్రాయు తీరున వ్రాసి గెలుచుటకు అవకాశమే లేదు. పత్రికవారు కొన్ని క్లిష్టపదములను, కొన్ని నొప్పించు పదములను తొలగించిరి. గర్భస్రావ శాసనమును గూర్చి అమెరికాలో తీవ్రచర్చ సాగుచున్న 2022 మేలో, గర్భస్థ పిండమును చెప్పు పదము సమాధానముగా రానుండగా మార్చిరి. ఆ యేడు నవంబరులో ఆటకు సంపాదకురాలిని నియమించిరి. ఏండ్ల క్రిందట యంత్రమునకు అప్పగించిన పట్టికకును మనుష్యవివేకము అవసరమని దీనివలన తేలినది.

యంత్రము వలన కలిగిన మార్పు మరియొకటి కలదు. అమెరికా పోటీలలో, ప్రత్యర్థి పెట్టిన పదమును శంకించినవాడు ఆక్షేపింపవచ్చును. పదము పట్టికలో లేనిచో పెట్టినవాడు బిళ్ళలను తీసికొని తన వంతు కోల్పోవును; ఉన్నచో ఆక్షేపించినవాడే వంతు కోల్పోవును. ఎవ్వరును ఆక్షేపింపనిచో, అసాధువైనను ఆ పదము పలకపై నిలుచును. సాధుత్వము ఇచ్చట ఇరువురి నడుమ జరుగు వ్యవహారము. తెరపై నాడు ఆటలలో పెక్కింట ఈ వ్యవహారము లేదు. యంత్రము ముందే త్రోసిపుచ్చును. వాదమునకు తావు పోయినది గాని, వాదకారణము పోలేదు.

4

ఈ సమస్తమును మన శాస్త్రదృష్టితో చూచినచో పతంజలి మహాభాష్యమందలి ప్రథమాహ్నికము మిక్కిలి తోడ్పడును. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి చేయించుకొనును గాని, మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటను చేసి యిమ్మని యడుగడని భాష్యకారుడు చెప్పినాడు. లోకవ్యవహారము ముందు, శాస్త్రము వెనుక. శాస్త్రసిద్ధములైన కొన్ని క్రియారూపములు లోకమున వినబడుట లేదను ఆక్షేపమునకు, శబ్దప్రయోగక్షేత్రము మిక్కిలి విశాలమని, తాము వినలేదను మాత్రమున లేదనరాదని సమాధానము. గమనార్థమున నొక ధాతువును కాంభోజులు మాత్రమే వాడుదురని ఉదాహరణము. 'కై' అను పదమును చూచి నవ్వు అమెరికా ఆటగానికి ఇంతకంటె తగిన సమాధానము లేదు.

మరి అపశబ్దముల మాట యేమి? ఆవును చెప్పుటకు సాధుశబ్దమొకటి యుండగా, గావీ, గోణీ మున్నగు అపభ్రంశములు పెక్కు కలవని భాష్యము. అర్థబోధ రెండింటివలనను సమానమే. అయినను సాధువునే వాడవలెననుట ధర్మమునకై చేసిన నియమము. ఈ విభాగమే మాకు ప్రధానముగా తోచుచున్నది. బోధకత్వము వేరు, నియమము వేరు. ఆట పట్టిక నియమకోటికి చెందినది. ఆటకు ధర్మమైన సమత్వమునకై అది యేర్పడినది. అది 'ఈ పదము ఇచ్చట చెల్లదు' అని చెప్పగలదు. 'ఈ పదము లేదు' అని చెప్పజాలదు. పై వివాదములన్నియు ఈ రెండు వాక్యములను ఒక్కటిగా భ్రమించుట వలన పుట్టినవని మా సిద్ధాంతము. వర్డిల్ ఆటలో తిరస్కృతమైన యూహకు 'పదముల పట్టికలో లేదు' అను వాక్యము మాత్రమే కనబడును. ఆ మితభాషిత్వము ప్రశంసింపదగినది.

5

తెలుగునను ఇట్టి యాటలు వెలసినవి. మన కష్టములు ఆంగ్లేయుల కష్టములకంటె అధికములు. మొదటిది గడి విషయము. గళ్ళనుడికట్టు పూరించువానికి 'స్త్రీ' ఒక్క యక్షరము, ఒక్క గడి. యంత్రపు సంకేతపద్ధతిలో అదియే ఆరు గుర్తులు. రెండవది విభక్తి విషయము. నిఘంటువున 'ఇల్లు' మాత్రముండును. 'ఇండ్లు', 'ఇళ్ళు', 'ఇంటికి', 'ఇంటిలోనికి' అనువానిలో ఎచ్చట గీత గీయవలెను? మూడవది, అన్నిటికంటె గురుతరమైనది, మూలగ్రంథ విషయము. కవిప్రయోగములే ప్రమాణముగా 1885లో వెలువడిన శబ్దరత్నాకరమును ఆధారము చేసికొన్నచో, వాడుకలోని మాటలు పెక్కు 'లేనివి' యగును. వ్యావహారికమును ఆదరించిన 1852 నాటి బ్రౌను నిఘంటువును ఆధారము చేసికొన్నచో పట్టిక మారును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును చేర్చినచో మరల మారును. 'వచ్చినాడు', 'వచ్చాడు', 'వచ్చిండు' అను మూడింటిలో నొక్కదానినే యంత్రము అంగీకరించినచో, తక్కిన రెండింటిని పలుకు ప్రాంతముల బాలురకు అది యేమి బోధించును? తమ తల్లి పలికినది తెలుగు కాదని బోధించును. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏ పీడను తొలగింపగోరి జీవితమెల్ల పోరాడిరో, ఆ పీడ ఆటరూపమున, ఎట్టి వాదమునకును చెవియొగ్గని యంత్రముఖమున మరల రాగలదు.

అట్లని కనబడిన ప్రతి వ్రాతను చేర్చుకొనుటయు పరిష్కారము కాదు. అపపాఠములును, చేతప్పులును పట్టికకెక్కినచో సమత్వమే చెడును. తెలుగు పట్టికలు కూర్చువారికి మేము మూడు సూచనలు చేయుదుము. పట్టికకు మూలమైన గ్రంథములను, ఏరిన పద్ధతిని ముందే ప్రకటింపవలెను. ప్రాంతరూపములను వికల్పములుగా నంగీకరింపవలెను. తిరస్కృతపదమునకు ప్రయోగము చూపి ఆక్షేపించు హక్కు ఆటగానికుండవలెను. అట్లు వచ్చిన ప్రయోగములను భద్రపరుపవలెను. ఈ మూడవది నెరవేరినచో ఆటగాండ్ర కలహము నిఘంటుకర్తకు క్షేత్రపరిశోధనమగును. ఏ నిఘంటువుకును ఎక్కని మాటలు మన పల్లెలలో నింకను కలవు. వానిని పలుకువారే తమంత తాము వచ్చి 'మా మాట యేల లేదు?' అని యడుగుచుండగా, ఆ ప్రశ్నను వ్రాసికొనుట పరిశోధకుల విధి.